ఇల్లు మారే ముందు ఏరియా ఎంత సేఫో మీరే తేల్చుకోవడం ఎలా?

కొత్త చోట ఇల్లు చూస్తున్నప్పుడు అందరం అడిగేది ఒకటే ప్రశ్న: "ఈ ఏరియా సేఫేనా?" జవాబు కూడా ఒకటే వస్తుంది: "ఏం భయం లేదండీ, చాలా ప్రశాంతంగా ఉంటుంది." బ్రోకరూ అదే అంటాడు, ఓనరూ అదే అంటాడు. ఇల్లు అద్దెకివ్వాల్సిన వాళ్లు ఇంకోలా చెబుతారని ఆశించడం దండగ. అసలు ఆ ప్రశ్నతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఎందుకంటే నేరం ఏరియా అంతటా సమానంగా ఉండదు.

అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసులకు ఒక ఏడాది వచ్చిన ఫోన్లను పరిశోధకులు లెక్క కట్టి 1989లో ప్రచురించారు. నగరంలోని చిరునామాల్లో సుమారు 3 శాతం చోట్ల నుంచే సగం ఫోన్లు వచ్చాయి. సియాటిల్‌లో 14 ఏళ్ల రికార్డులు తిరగేస్తే, ప్రతి ఏడూ సగం నేరాలు 5 శాతం లోపు వీధుల్లోనే జరిగాయని తేలింది. వీధి అంటే ఇక్కడ ఒక కూడలి నుంచి ఇంకో కూడలి దాకా ఉన్న ముక్క. అంటే పేరు చెడిపోయిన ఏరియాలోనూ ఎక్కువ వీధులు నిశ్శబ్దంగానే ఉంటాయి. మంచి పేరున్న ఏరియాలోనూ ఒక మూల తరచూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది.

కాబట్టి మీరు తేల్చుకోవాల్సినవి మూడు: ఏ వీధి, ఏ వేళ, ఏ నేరం.

ముందు మీ భయాన్ని కాగితం మీద పెట్టండి

ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఎన్నింటికి బయటికి వెళ్తారు, ఎన్నింటికి వస్తారు, దేనిమీద వస్తారు, ఏ దారిన నడుస్తారు అన్నవి రాసుకోండి. రాత్రి పదకొండు గంటలకు షిఫ్టు ముగించుకుని బస్సు దిగి నడిచి వచ్చే అమ్మాయికి కావాల్సిన సమాచారం వేరు. పగలంతా తాళం వేసి ఉద్యోగానికి వెళ్లే దంపతులకు కావాల్సింది వేరు. బండి వీధిలోనే పెట్టుకోవాల్సిన వాళ్లకు ఇంకోటి. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు తలుపు తట్టి మాటలతో మోసం చేసేవాళ్ల గురించి తెలియాలి. ఈ పని పావుగంటలో అయిపోతుంది. ఇది చేయకుండా అంకెల్లోకి దిగితే, మీకు సంబంధం లేని నేరాలు చూసి టెన్షన్ పడి, సంబంధం ఉన్నవాటిని వదిలేస్తారు.

అంకెలు తీసుకోండి, కానీ అలాగే మింగేయకండి

చాలా నగరాల పోలీసులు వార్షిక నివేదికలు విడుదల చేస్తారు. కొన్ని చోట్ల వీధి స్థాయి దాకా నేరాల మ్యాపులు ఉంటాయి. లేనిచోట స్థానిక పత్రికల పాత వార్తలు, పోలీస్ స్టేషన్ పరిధి లెక్కలే దిక్కు. ఏది దొరికినా ముందు రేటు కట్టండి. మొత్తం కేసులు చూసి ఏరియాలను పోల్చకూడదు.

లెక్క కోసం ఒక ఏరియాలో లక్షా యాభై వేల మంది ఉన్నారనీ, ఏడాదిలో 300 దొంగతనాలు జరిగాయనీ అనుకుందాం. పక్క ఏరియాలో యాభై వేల మంది, 200 దొంగతనాలు. పేపర్లో మొదటిదే దొంగల అడ్డాగా కనిపిస్తుంది. లక్ష మందికి ఎన్ని అని కడితే మొదటిచోట 200, రెండోచోట 400. వరస తారుమారైంది.

ఈ రేటు కూడా ఒకచోట పప్పులో కాలేయిస్తుంది. రైల్వే స్టేషన్, పెద్ద బజారు, సినిమాహాళ్లు ఉన్న చోట రోజూ వేలమంది వచ్చిపోతుంటారు, అక్కడ కాపురం ఉండేవాళ్లు మాత్రం తక్కువ. జేబులు కొట్టిన కేసులన్నీ ఆ కొద్దిమంది నివాసుల సంఖ్యతో భాగిస్తే రేటు భయంకరంగా తేలుతుంది. నిజానికి సంచులు పోగొట్టుకున్నది వచ్చిపోయేవాళ్లు. అలాంటిచోట కాపురముండేవాళ్లకు ఇళ్లలో దొంగతనాల రేటు విడిగా చూడాలి. అది తక్కువే ఉండొచ్చు.

చిన్న అంకెల శాతాలతోనూ జాగ్రత్త. పోయినేడు రెండు, ఈ ఏడు నాలుగు అయితే "నేరాలు వంద శాతం పెరిగాయి" అని రాయడం ఎవరికైనా సులువే. కనీసం మూడేళ్లు, కుదిరితే ఐదేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు తలనొప్పి వేరే ఉంది. పోలీసు లెక్కలోకి ఎక్కేది కేసయిన నేరమే. అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లో 1982 నుంచి "పోయిన కొంతకాలంలో మీకేం జరిగింది?" అని జనాన్నే అడిగే సర్వేలు నడుస్తున్నాయి. అమెరికా సర్వేల ప్రకారం హింసాత్మక ఘటనల్లో సగం కూడా పోలీసుల దాకా వెళ్లవు. బండి పోతే ఎక్కువమంది ఫిర్యాదు చేస్తారు, ఇన్సూరెన్సు రావాలంటే ఆ కాగితం కావాలి కాబట్టి. వీధిలో వెంటపడి వేధిస్తే, చెయ్యి వేసి పారిపోతే చాలామంది నోరు మూసుకుని ఇంటికి పోతారు. అందుకని బండ్ల దొంగతనాల అంకెను నేను బాగానే నమ్ముతాను, వేధింపుల అంకెను దాదాపు నమ్మను. ఒక స్టేషన్లో ఆ కేసులు హఠాత్తుగా పెరిగితే కొన్నిసార్లు అది మంచి కబురే. వచ్చిన వాళ్లను తిప్పి పంపకుండా ఫిర్యాదు రాసుకునే అధికారి వచ్చి ఉండొచ్చు.

లెక్క రాసే పద్ధతి కూడా చూసుకోండి. దోపిడీకి వచ్చి హత్య కూడా చేస్తే, భారత్‌లో నేరాల లెక్కలు ప్రచురించే జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) పద్ధతి ప్రకారం ఆ కేసు తీవ్రమైన నేరం కింద, అంటే హత్య కింద మాత్రమే పడుతుంది. వేర్వేరు దేశాల, నగరాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఇలాంటివి మరిచిపోతుంటారు.

వీధి నడవండి

నా లెక్కలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. చాలామంది ఆదివారం ఉదయం వెళ్లి ఇల్లు చూసి, నచ్చితే అడ్వాన్స్ ఇచ్చి వచ్చేస్తారు. ఆదివారం ఉదయం ఏ వీధైనా ముచ్చటగానే ఉంటుంది. మీరు నిజంగా ఇంటికి చేరే వేళకు వెళ్లండి. బస్టాపులో దిగి, గుమ్మం దాకా నడిచి చూడండి. మామూలు రోజు ఒకసారి, వారాంతం రాత్రి ఒకసారి, మధ్యాహ్నం అందరూ పనుల్లో ఉన్నప్పుడు ఒకసారి. రాత్రి ఒక్కరే వెళ్లకండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

లైట్లు ఉన్నాయా అని కాదు, ఎలా ఉన్నాయి అన్నది చూడండి. ఒక వీధి లైటు కింద నిలబడి, ఎదురుగా పది అడుగుల దూరంలో వచ్చే మనిషి ముఖం గుర్తుపట్టగలరా చూడండి. కళ్లల్లో కొట్టేంత వెలుతురు ఇచ్చే లైటు పక్కనే నల్లటి చీకటి ఉంటే అది మసక లైటుకన్నా చెడ్డది, ఆ చీకట్లో నిలబడ్డవాడికి మీరు కనిపిస్తారు, మీకు వాడు కనిపించడు. చెట్టు కొమ్మలు పెరిగి లైటును కప్పేసిన చోట్లు, రెండు స్తంభాల మధ్య వెలుతురు తెగిపోయే చోట్లు గుర్తు పెట్టుకోండి. వెలుతురు తేడా తెస్తుందనడానికి మంచి రుజువే ఉంది. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని పెద్ద లైట్లు పెట్టారు. లైట్లు పెట్టిన చోట ఆరుబయట రాత్రివేళ జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయి.

ఇక గోడలు. వీధికి రెండువైపులా ఎత్తయిన ప్రహరీ గోడలు, మూసిన షట్టర్లు, ఒక్క కిటికీ కూడా లేని చోటు వంద అడుగులున్నా చాలు. అక్కడ అరిచినా వినేవాళ్లుండరు. బాల్కనీలు, తెరిచిన కిటికీలు, గుమ్మంలో కూర్చునే మనుషులు, రాత్రి పది దాకా తెరిచుండే మెడికల్ షాపు ఉన్న వీధి చూడ్డానికి గజిబిజిగా ఉన్నా మేలు. ఖరీదైన కాలనీల్లో రాత్రి తొమ్మిదికల్లా పురుగు కూడా తిరగని వీధులు నాకెప్పుడూ నచ్చవు. అక్కడ ఎవరు ఏం చేస్తున్నా చూసే కళ్లు ఉండవు.

ఖాళీ స్థలాలు కూడా లెక్కలోకి తీసుకోండి. పిచ్చి మొక్కలు, చెత్త, విరిగిన కంచె ఉన్న ఖాళీ ప్లాటు దాక్కోవడానికీ, సరుకు దాచడానికీ పనికొస్తుంది. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను తీసుకుని, కొన్నింటిని శుభ్రం చేసి, గడ్డి నాటి, చిన్న కంచె వేసి, మిగతావాటిని అలాగే వదిలేసి పోల్చారు. 2018లో ఫలితాలు బయటికి వచ్చాయి: పేద బస్తీల్లో శుభ్రం చేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. గడ్డి కోయడం ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?

రోడ్డు దాటే చోటు మరిచిపోకండి. నేరాల గురించి చెబుతూ ట్రాఫిక్ ఎందుకంటారా? 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.58 లక్షల మంది హత్యకు గురైతే, రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు సుమారు 11.9 లక్షలు. ఫుట్‌పాత్ లేని, పిల్లలు బండ్ల మధ్య నుంచి పరిగెత్తి దాటాల్సిన వీధిని "సేఫ్ ఏరియా" అని నేనైతే అనను.

మనుషుల్ని అడగండి, ప్రశ్న మార్చి అడగండి

"ఇక్కడ సేఫేనా?" అని అడిగితే అభిప్రాయం చెబుతారు. "ఈ వీధిలో చివరిసారి ఏం జరిగింది? ఎప్పుడు, ఏ మూల, ఎన్నింటికి?" అని అడిగితే సంగతి చెబుతారు. చెప్పినవాళ్లు కళ్లారా చూశారా, ఎవరో చెబితే విన్నారా అన్నది కూడా మర్యాదగానే కనుక్కోండి.

ఎవర్ని అడగాలి? రాత్రి డ్యూటీ వాచ్‌మన్, చివరిదాకా తెరిచుంచే మెడికల్ షాపతను, రోజూ ఆ సందుల్లో తిరిగే డెలివరీ కుర్రాళ్లు, లేటు షిఫ్టు నుంచి వచ్చే ఆడవాళ్లు. ముఖ్యంగా మీరు చూస్తున్న ఇంట్లో ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు దొరికితే వదలకండి. ఎందుకు ఖాళీ చేశారో అడగండి. మగవాళ్లను మాత్రమే అడిగి ఊరుకుంటే సగం సమాచారమే చేతికొస్తుంది. అన్న "ఏ ప్రాబ్లమ్ లేదు" అన్న వీధి గురించే, చెల్లెలు "ఆ మలుపు దగ్గర మాత్రం ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడుస్తాను" అనొచ్చు. అదిగో, మీకు కావాల్సింది ఆ మలుపు.

ఇంకో మాట. "అక్కడ ఎవరుంటారో తెలుసుగా, జాగ్రత్త" అని గొంతు తగ్గించి చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. కులం, మతం, పేదరికం, ఎక్కడి నుంచో పనికి వచ్చినవాళ్లు, ఇలా ఏదో ఒకటి ఆ మాటలో ఉంటుంది. తేదీ, చోటు, జరిగిన పని లేని మాటను మీ కాగితం మీద రాసుకోకండి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలకూ ఇదే కొలత. 2018లో భారత్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు నమ్మి పలుచోట్ల జనం అమాయకుల్ని కొట్టి చంపారు. ఏరియా భద్రత గురించి ఫార్వర్డ్ చేసే మెసేజ్ కూడా ప్రాణాలు తీయగలదు.

చిన్న మ్యాపు గీయండి

ఇల్లు, బస్టాపు, స్కూలు, బండి పెట్టే చోటు, రాత్రి తెరిచుండే షాపు గుర్తించండి. మీరు విన్నవి, చూసినవి, అంకెల్లో దొరికినవి అన్నీ వాటి చోట్లలో చుక్కలుగా పెట్టి, పక్కన వేళ రాయండి. చుక్కలు ఒకచోట గుమిగూడటం మీకే కనిపిస్తుంది. బస్టాపు నుంచి దగ్గరి దారి ఆ గుంపు మధ్య నుంచి పోతుంటే, రెండు నిమిషాలు ఎక్కువైనా చుట్టూ తిరిగే దారి ఉందా చూడండి. లేదంటే ఆ ఇల్లు వద్దు. ఉంటే, చాలావరకు సమస్య తీరినట్టే.

ఒక్క సంగతి ఈ మ్యాపులో పడదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురైన ఆడవాళ్లలో సుమారు 60 శాతం మంది భర్త, సహచరుడు లేదా కుటుంబసభ్యుల చేతిలోనే చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. వీధి ఎంత మంచిదైనా తలుపు లోపలి ప్రమాదాన్ని ఏ క్రైమ్ మ్యాపూ చూపించదు.

ఇల్లు తీసుకున్నాక, మొదటి వారంలోనే

తాళం మార్చండి. పాత తాళంచెవులు ఎందరి దగ్గర ఉన్నాయో ఓనరుకు కూడా తెలియదు. తాళం ఎంత ఖరీదైనదన్న దానికన్నా అది దిగే ద్వారబంధం గట్టిగా ఉందా అన్నదే ముఖ్యం. గడియ దిగే చోట కర్ర పుచ్చిపోయి ఉంటే ఒక్క తన్నుకే ఊడొస్తుంది. బోల్టు దిగే రేకుకు వేసిన స్క్రూలు అర అంగుళానివా, లోపలి గోడదాకా దిగే పొడవాటివా చూడండి. వెనక తలుపు, బాత్రూమ్ వెంటిలేటరు, బాల్కనీ పక్కనుంచి పోయే పైపు కూడా చూడండి. ముందు తలుపుకు మూడు తాళాలు వేసి వెనకవైపు గాలికి వదిలేసిన ఇళ్లు కొల్లలు.

కెమెరాల మీద జనానికి నమ్మకం కాస్త ఎక్కువే. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2019లో చేసిన సమీక్షలో సీసీ కెమెరాలు పెట్టిన చోట్ల నేరాలు మొత్తం మీద సుమారు 13 శాతం తగ్గినట్టు తేలింది. బాగా పనిచేసింది పార్కింగ్ స్థలాల్లో. కొట్లాటలు, దాడుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కోపంలో ఉన్నవాడు కెమెరా చూసి ఆగడు. అందుకని పెట్టించుకుంటే సరిగ్గా పెట్టించుకోండి. మరీ ఎత్తున బిగిస్తే రికార్డయ్యేది టోపీలూ నడినెత్తులే. గోడకు మరీ దగ్గరగా ఉంటే రాత్రిపూట దాని సొంత వెలుతురే గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి బొమ్మ తెల్లగా మాసిపోతుంది. లెన్స్ ముందు సాలెగూడు పట్టినా అంతే. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా, ఎన్ని రోజుల రికార్డింగు నిలుస్తుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? ఈ మూడూ నెలకోసారి చూసుకోకపోతే, అవసరమైన రోజున ఫుటేజీ ఉండదు, ఉన్నా టైము తప్పుగా ఉంటుంది.

వెలగని వీధి లైటు గురించి ఫిర్యాదు చేసేటప్పుడు "మా వీధిలో చీకటి" అని రాయకండి. స్తంభం నంబరు, దగ్గరి గుర్తు, ఎప్పటి నుంచి వెలగట్లేదో రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. నలుగురు పొరుగువాళ్లు విడివిడిగా ఇస్తే పని త్వరగా కదులుతుంది. చిన్న దొంగతనమైనా పోలీసులకు చెప్పండి. పోయిన వస్తువు దొరక్కపోవచ్చు, కానీ ఆ మూలకు గస్తీ పంపాలా వద్దా అన్నది ఆ రికార్డును బట్టే తేలుతుంది.

పక్కింట్లో దొంగలు పడితే

దొంగతనం జరిగిన ఇంటికే, దాని చుట్టుపక్కల ఇళ్లకే తర్వాతి వారాల్లో మళ్లీ ప్రమాదం ఎక్కువని పలు దేశాల్లో గమనించారు. దొంగకు ఆ ఇంటి దారులు తెలిసిపోయాయి, పోయిన వస్తువుల స్థానంలో కొత్తవి వస్తాయనీ తెలుసు. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ దగ్గరి కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980ల నడుమ దీన్నే పట్టుకుని పనిచేశారు. అక్కడి ఇళ్లలో నాణేలు వేస్తే గ్యాసు, కరెంటు ఇచ్చే మీటర్లు ఉండేవి. దొంగలకు అవే డబ్బు పెట్టెలు. వాటిని తీసేశారు. ఒక ఇంట్లో దొంగతనం జరగ్గానే ఆ ఇంటి తలుపులు బలపరిచి, చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవాళ్లను ఒక కన్నేసి ఉంచమన్నారు. దొంగతనాలు సగానికి పైగా తగ్గాయి.

మీరూ అదే చేయొచ్చు. పక్కింట్లో దొంగలు పడ్డారని తెలిసిన రోజే వాళ్లు ఎటువైపు నుంచి వచ్చారో కనుక్కుని, మీ ఇంట్లో అదే వైపు సరిచూసుకోండి. చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. పెద్ద గ్రూపు పెట్టకండి, గుడ్ మార్నింగ్ బొమ్మల్లో అసలు మెసేజ్ కొట్టుకుపోతుంది. రాబోయే రెండు మూడు వారాల్లో ఎవరు ఊరెళ్తున్నారో ఒకరికొకరు చెప్పుకోండి, వాళ్ల గుమ్మం ముందు పేపర్లు పేరుకోకుండా తీసి పెట్టండి, సాయంత్రం ఒక లైటు వేయండి. దొంగలు పడ్డ ఇంటివాళ్లు కొత్త టీవీ కొంటే దాని అట్టపెట్టెను గేటు ముందు పెట్టకుండా ముక్కలు చేసి చెత్తలో వేయమనండి.